లైనింగులో నోట్లు

ఆ రోజు పొద్దున దర్జీ వేసుకున్న ప్లాను చిన్నదే. షాపు తెరిచేలోపు డబ్బు మార్చే కౌంటరుకు వెళ్ళి రావాలి, మర్నాటి ప్రయాణానికి తన కోటు ఇస్త్రీ చేసుకోవాలి. ఏ బట్టనైనా రెండుసార్లు కుట్టనిదే వదలడు కాబట్టి వీధిలో ఆయన పేరు డబుల్‌కుట్టు. భార్య అదే షాపులో కాజాలు తీసి గుండీలు కుడుతుంది.

ప్రయాణం వేరే దేశానికి, ఆమె అక్క దగ్గరికి. తల్లీ తండ్రీ పోయాక ఆ అక్కచెల్లెళ్ళ మధ్య చాలా రోజులు ఒకటే కంచం ఉండేది. "నేను ఫ్యాక్టరీలో తినేసి వచ్చానే" అని అక్క కంచం ఇటు జరిపేది. ఆ ఫ్యాక్టరీలో క్యాంటీనే లేదని చెల్లెలికి పెళ్ళయ్యాక తెలిసింది.

"ఏవండీ, అక్కడ ఒక్కపూటైనా అక్కకి నా డబ్బుతో పెట్టాలి. ఆవిడ పర్సు తీసేలోపే నేనిచ్చెయ్యాలి. ఏ డబ్బు చెల్లుతుందో సరిగ్గా కనుక్కోండి" అంది భార్య.

కనుక్కోవడంలోనే తంటా వచ్చింది.

గుమ్మం దిగగానే మేనల్లుడు ఎదురయ్యాడు. టూరు బస్సులో నాలుగు రోజులు విదేశం చూసి వచ్చినప్పటి నుంచి అతనికి తెలియని దేశం లేదు.

"డాలర్లు మావయ్యా, డాలర్లు! మన నోట్లు అక్కడ పొట్లాలు కట్టుకోడానిక్కూడా పనికిరావు."

దర్జీ డాలర్లు తెచ్చాడు. పక్కింట్లో ఉండే రిటైరైన బ్యాంకు క్యాషియరు వాటిని చూసి తల పట్టుకున్నాడు.

"ఇక్కడొకసారి మార్చావు, అక్కడ దిగి మళ్ళీ మారుస్తావు. రెండు కమిషన్లు! ఒక్క గుండుకి ఇద్దరు మంగళ్ళెందుకయ్యా? నేరుగా వాళ్ళ నోట్లే పట్టుకెళ్ళు."

"మరి ఈ డాలర్లండీ?"

"మార్చెయ్."

"దానికి కమిషను?"

క్యాషియరు డాలర్లు తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. "అది వేరే" అన్నాడు.

కౌంటరులో అమ్మాయి ఆయన్ని గుర్తుపట్టింది. "మళ్ళీ ఏమైంది బాబాయ్ గారూ?"

"వాళ్ళ నోట్లు కావాలమ్మా. మీ దగ్గర అన్నిటికన్నా పెద్దవేవో అవే ఇవ్వు. కట్ట లావైతే కోటు పొంగుతుంది."

అమ్మాయి కోటు ఎక్కడుందా అని చూసింది. ఆయన చొక్కాతో వచ్చాడు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది.

జేబుదొంగల భయంతో దర్జీ కోటు లైనింగు విప్పాడు. నోట్లు పక్కపక్కన పరిచి కుట్టాడు. ఆ పైన పేరు నిలబెట్టుకోవడానికి ఇంకోసారి కుట్టాడు. భార్య కోటు మీద చెయ్యి వేసి చూసి, "ఉన్నట్టే లేదండీ" అంది. అంతకన్నా పెద్ద మెప్పు ఆయన ఎన్నడూ అందుకోలేదు.

విమానాశ్రయంలో ఆయన సంచిలోని కత్తెర తీసేసుకున్నారు. "ఇది ఆయుధం కాదు బాబూ, మా అన్నం" అన్నా వదల్లేదు. ఆ కత్తెరతో ఇంకో పని ఉందన్న సంగతి ఆయనకు మర్నాడు మధ్యాహ్నం హోటల్లో బిల్లు వచ్చాక గుర్తొచ్చింది.

"ఇవ్వండి త్వరగా" అని భార్య బల్ల కింద ఆయన మోకాలు తట్టింది.

ఆయన కోటు విప్పి, తిరగేసి, కుట్టు లాగాడు. రాలేదు. గోరు పెట్టాడు. చివరికి పళ్ళు పెట్టాడు. పక్క బల్ల వాళ్ళు తినడం ఆపేశారు.

"అదేంటి మరిదిగారూ, భోజనం చాల్లేదా?" అంది అక్క.

"డబ్బుంది వదినా! లోపలుంది!"

"ఎవరు కుట్టారండీ అంత గట్టిగా?" అంది భార్య ఏడుపు గొంతుతో.

ఆయన పళ్ళ మధ్య దారం ఉంది. వెయిటరు జాలిపడి చాకు తెచ్చాడు. రెండో వరస తెగి ఒక నోటు బయటకు వచ్చేసరికి అక్క బిల్లు కట్టేసి పర్సు మూస్తోంది.

చెల్లెలు లేచింది. నోటు గుప్పిట్లో పట్టుకుని బయటికి నడిచింది. అక్క ఆమె మొహం చూసింది.

"సరేలేవే. బస్సు వచ్చేలోపు టీ తాగించు. నీ డబ్బుతోనే."

బస్టాపు పక్కన టీ బండి ఉంది. చెల్లెలు నోటు అందించింది. బండి ఆయన దాన్ని వెలుగుకు పెట్టి చూసి, తన భాషలో చాలాసేపు మాట్లాడాడు.

"ఇంత పెద్ద నోటుకి చిల్లర ఈ వారంలో దొరకదంటున్నాడే" అంటూ అక్క పర్సు తెరిచింది.

చెల్లెలు ఆ చెయ్యి పట్టేసుకుంది. "తీశావంటే ఈ జన్మలో నీతో మాట్లాడను. చిల్లర అక్కర్లేదని చెప్పు. ఇక్కడున్న వాళ్ళందరికీ పొయ్యమను."

"అందరికీనా?"

"నోటు అయ్యేదాకా."

బస్టాపులో ఉన్నవాళ్ళు తాగారు. బస్సు వచ్చాక అందులో వాళ్ళు దిగి తాగారు. డ్రైవరు ఇంజను ఆపి తాగాడు. పాలు అయిపోతే బండి ఆయన ఎదురు కొట్టుకు పరిగెత్తాడు. దర్జీకి కప్పులు అందించే పని పడింది. పిల్లను ఎత్తుకున్న ఒకావిడ వచ్చి అక్కను ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అంది చెల్లెలు.

"ఇవాళ మీ ఇంట్లో ఏం శుభకార్యం అని."

"మా అక్కకి నేను పెడుతున్నానని చెప్పు."

అక్క చెప్పబోయింది. సగంలో వదిలేసి, కప్పు ఎత్తి గడగడా తాగి, రెండోది కావాలని చెయ్యి చాపింది.

నెల తిరిగాక, కోటు కొలతలు ఇవ్వడానికి షాపుకొచ్చిన ఒకాయన తనూ ఆ దేశమే వెళ్తున్నానని, ఏ డబ్బు తీసుకెళ్ళమంటారని అడిగాడు. దర్జీ గుండీ కుడుతున్న భార్య వైపు ఒకసారి చూసి, ఆయన ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు.

"ఏదైనా పర్లేదండీ. చిల్లర మాత్రం తీసుకెళ్ళకండి."