పురుగులు లేని లౌజు

ఆ ఉదయం బుల్లబ్బాయి పెట్టుకున్న పని ఒక్కటే. అమ్మణ్ణిగారి అమ్మాయి సారెకు ఎనిమిది వందల కొబ్బరి లౌజు ఉండలు, గులాబీ రంగులో, సాయంత్రానికి అప్పగించాలి. పెనుగొండలో మిఠాయి కొట్టు తెరిచిన పదేళ్లలో ఇంత పెద్ద ఆర్డరు రాలేదు. ఇది నచ్చితే ఆవిడ చుట్టాల పెళ్లిళ్లన్నీ తనవే.

కొబ్బరి కోరుతుండగా కూతురు సారిక ఫోనులోంచి తలెత్తింది. "నాన్నా, కొన్ని స్వీట్లలో వేసే ఎర్ర రంగు, పురుగుల్ని ఎండబెట్టి తీస్తారంట."

బుల్లబ్బాయి కోరడం ఆపేశాడు. వెంటనే రంగు డబ్బా తెచ్చి చదివించాడు.

"మనది అది కాదులే నాన్నా," అంది సారిక.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ బుల్లబ్బాయికి తన నిజాయితీ నలుగురికీ తెలియాలనే జబ్బు ఒకటుంది. జానెడేసి అక్షరాలతో బోర్డు రాసి కొట్టు ముందు పెట్టాడు: ‘మా మిఠాయిల్లో పురుగులు లేవు.’

పక్క గుడికి వచ్చినవాళ్లు బోర్డు చదివి, లౌజు వంక చూసి, నడక పెంచారు. ఒకాయన మాత్రం ఆగి, "ఇదివరకు ఉండేవాండీ?" అని మర్యాదగా అడిగాడు. బుల్లబ్బాయి కంగారుగా ‘ఎప్పుడూ లేవు’ అని కింద చేర్చాడు. "ఎవరో కేసు పెట్టుంటారు," అంటూ ఆయన సాగిపోయాడు. ఇక లాభం లేదని బోర్డు లోపల పెట్టేశాడు. పది నిమిషాల్లో ఎదురు కాఫీ హోటలు లోవలక్ష్మి వచ్చింది. "బోర్డు తీసేశారేంటండీ, దొరికాయా?"

పదకొండింటికి అమ్మణ్ణిగారి ఫోను. "బుల్లబ్బాయిగారూ, మీ బోర్డు సంగతి విన్నాను. మా వియ్యపురాలు అసలే వంకలు వెతికే మనిషండి. రంగు వద్దు, తెల్లగా చేసెయ్యండి. సాయంత్రం చూసి, బాగుంటేనే పట్టుకెళ్తాను."

బుల్లబ్బాయి మళ్లీ కొబ్బరి కోరాడు, మళ్లీ పాకం పట్టాడు. నాలుగింటికి ఉండలు పళ్లాల్లో సర్ది, చేతులు కడుక్కొచ్చేసరికి బయట ఆవిడ కారు ఆగింది. అప్పుడు చూశాడు, పళ్లెం అంచున బారులు తీరిన చీమల్ని. గులాబీ రంగులోనైతే కలిసిపోయేవి. తెల్లటి లౌజు మీద ఒక్కొక్కటీ లెక్కకు వస్తోంది. గబుక్కున తువ్వాలు కప్పాడు.

అమ్మణ్ణిగారు తువ్వాలు ఎత్తి, కళ్లజోడు సవరించుకున్నారు.

"చీమలు పట్టాయే."

"చూసుకోలేదండి," అన్నాడు బుల్లబ్బాయి. పదేళ్ల కొట్టు ఇవాళ్టితో మూతపడ్డట్టే అనుకున్నాడు. "అవి... పురుగులు కాదండి."

"చీమ పురుగేంటండీ? కల్తీ సరుకైతే చీమ మూతైనా పెట్టదు. కళ్లకి కూడా మంచిదంటారు." ఆవిడ ఒక ఉండ తీసి, ఉఫ్ అని ఊది, నోట్లో వేసుకున్నారు. "బాగుంది, కట్టించండి. పైన రెండు చీమలు ఉంచండి, వియ్యపురాలు చూస్తుంది."

బుల్లబ్బాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు బోర్డు మళ్లీ వీధిలోకి వచ్చింది: ‘చీమలు మెచ్చిన లౌజు.’