మూడో గుండీ

ఆ మంగళవారం పొద్దున దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే. మర్నాడు కొట్టుకు రంగు వేసేవాళ్ళు వస్తున్నారు కాబట్టి, ఏళ్ళ తరబడి తెరవని కింది సొరుగు ఖాళీ చెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి సభ ఉంది కనుక ఆలోపే తేల్చెయ్యాలి.

సభ అంటే పెద్దదేం కాదు, ప్రతి మంగళవారం కొట్టులో వేసే నాలుగు కుర్చీలు. ముప్ఫై ఏళ్ళ కిందట, వీధికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో, "ఎనిమిదో మెట్టు" అనే సీరియల్ వచ్చేది. మంగళవారం ఏడయితే వీధిలో పురుగు కనిపించేది కాదు. టీవీ ఉన్నవాళ్ళ కిటికీ ఊచలు పట్టుకుని చూసి ఇళ్ళకు పోతే, చేతులకంటిన తుప్పు వాసన అన్నం తినేదాకా వదిలేది కాదు. ఆ సీరియల్లో పద్దెనిమిదో వారం ఒక పెద్దింటి తాతగారు ఎనిమిదో మెట్టు మీంచి పడి చనిపోతాడు. ఎవరు తోశారో చెప్పకుండానే ఇరవై ఆరో వారం సీరియల్ ఆగిపోయింది. రాసిందెవరో కూడా ఎవరికీ తెలియదు. పేర్లు పడే వేళకు వార్తలు వచ్చేసేవి మరి.

అప్పటి నుంచి వాదన మాత్రం ఆగలేదు. ఆ ఇంటి డ్రైవరే తోశాడని రిటైరయిన పోస్టుమాస్టరు గారు. ఎవరూ తొయ్యలేదు, బీపీ ఎక్కువై కళ్ళు తిరిగాయని నర్సు. లాయరే తోశాడని లెక్కల టీచరు. టీచరు దగ్గర తిరుగులేని ఆధారం ఉంది. పంతొమ్మిదో వారం నుంచి లాయరు కోటుకు మూడో గుండీ లేదు. పెనుగులాటలో తాతగారి చేతికి ఊడివచ్చిందన్నమాట.

ఈ టీచరు దర్జీ భార్య. ఇద్దరినీ కలిపింది ఆ గుండీయే. పంతొమ్మిదో వారం మర్నాడే ఆవిడ కొట్టు మెట్లెక్కి, "ఏమండీ, లాగితే ఊడిన గుండీకీ, కత్తిరిస్తే ఊడిన గుండీకీ తేడా తెలుస్తుందా?" అని అడిగింది. "దారం చూస్తే తెలుస్తుందండీ" అన్నాడు అప్పటి కుర్ర దర్జీ. మరుసటి వారం ఇంకో సందేహంతో వచ్చింది. సీరియల్ ఆగిపోయినా సందేహాలు ఆగలేదు. చివరికి పెళ్ళి చేసుకున్నారు.

దర్జీ చెప్పనిది ఒకటుంది. ఆ కోటు కుట్టింది అతనే. లాయరు వేషం వేసినాయనకు మధ్యలో బొజ్జ పెరిగితే, గుండీ అరంగుళం పక్కకు జరపమని కోటు పంపారు. మూడోది కత్తిరించి, కాగితంలో చుట్టి, పైన పేరు రాసి, టీ తాగి వద్దామని వెళ్ళాడు. వచ్చేసరికి షూటింగు వ్యాను కోటు పట్టుకుపోయింది. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు. ఊరందరిలో ఒక్కతే చూసింది. ఆవిడనే కట్టుకున్నాడు.

ఆ పొట్లమే ఇప్పుడు సొరుగు అడుగున దొరికింది. నీలి సిరా కూడా చెదరలేదు: "లాయరు కోటు, మూడో గుండీ".  సరిగ్గా అప్పుడే భార్య లోపలికొచ్చింది. అతను చేతిలోది తీసి, ఇస్త్రీ బల్ల మీదున్న ప్యాంటు జేబులో కుక్కేశాడు.

"ఏంటండీ, అలా చెమటలు పట్టాయి?"

"దుమ్ము."

"దుమ్ముకు తుమ్ములొస్తాయిగానీ చెమటలొస్తాయా? సర్లే, పోస్టుమాస్టరు గారు గుమ్మంలో ఉన్నారు, ప్యాంటు కోసం" అంటూ ఆవిడ ఆ ప్యాంటే తీసుకుపోయింది.

నాలుగింటికి పోస్టుమాస్టరు గారు ఆ కొత్త ప్యాంటు తొడుక్కునే వచ్చారు. డ్రైవరు మీద నేరం మోపుతూ, ముఖం తుడుచుకుందామని జేబురుమాలు లాగారు. పొట్లం కింద పడింది. నర్సు తీసి, పైకి చదివి, విప్పి చూసి, కుర్చీలోంచి లేచి నిలబడింది. టీచరు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, ఒకసారి భర్త వైపు చూసింది.

"ఇది సీరియల్ తీసినవాళ్ళ దగ్గర ఉండాలి. మీ జేబులోకి ఎలా వచ్చింది?" అంది నర్సు.

"నాకేం తెలుసమ్మా!"

"మరి సీరియల్ వచ్చిన ఏడాది మూడు నెలలు సెలవు పెట్టి ఎక్కడికెళ్ళారు? అడిగితే సొంత పని అన్నారు. మీరేనా ఆ సీరియల్ రాసింది?"

 ఆ మూడు నెలలూ పోస్టుమాస్టరు గారు పొరుగూళ్ళో మొలల ఆపరేషను చేయించుకుని బోర్లా పడుకున్నారు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియని సంగతి. మొలలా, రచనా అని ఒక్క క్షణం తూకం వేసుకుని, "అవును, నేనే" అన్నారు.

నర్సు ఫోను అందుకుంది. అరగంట తిరక్కుండా కొట్టు కిక్కిరిసింది. ఒకప్పుడు కిటికీ ఊచలు పట్టుకున్నవాళ్ళే అంతా, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. ఒకావిడ సంతకం కోసం మనవరాలి నోటుబుక్కు తెచ్చింది. జిరాక్సు కొట్టాయన ముందుకొచ్చి, "మా అమ్మ పోయే ముందు రోజు కూడా అడిగిందండీ, ఇంతకీ ఎవడు తోశాడ్రా అని. చెప్పండి సార్" అన్నాడు. 

పోస్టుమాస్టరు గారు ముప్ఫై ఏళ్ళ ప్రత్యర్థి వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "డ్రైవరే" అన్నారు.

 టీచరు ఇరవై ఆరు వారాల వివరాలూ తేదీలతో రాసుకున్న పాత నోటుబుక్కు మెల్లిగా మూసింది. దర్జీ అది చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ మాట చెల్లిన కొట్టులో, తన పిరికితనం వల్ల, తన కళ్ళ ముందే ఆవిడ ఓడిపోయింది. 

"అబద్ధం!" అని అరిచాడు. "ఈయన రాయలేదు. గుండీ ఎవరూ పీకలేదు. ఆ కోటు కుట్టింది నేనే, గుండీ మర్చిపోయింది నేనే!"

 నర్సు జాలిగా, "భార్యను ఓడనివ్వలేక పాపం ఏదేదో చెబుతున్నాడు" అంది. పోస్టుమాస్టరు గారు కూడా బాధగా తలూపారు.

"మా ఆయన నిజమే చెబుతున్నారు" అంది టీచరు. "ఆ పొట్లం పెళ్ళయిన మూడో నెలలోనే చూశాను. అప్పట్లో ఆ సొరుగు సర్దింది నేనేగా."

 నర్సు అడిగింది, "మరి ఇన్నేళ్ళూ లాయరే, లాయరే అని మా ప్రాణాలు తోడేశారెందుకు టీచర్ గారూ?"

"వాదన వదిలేస్తే మీరంతా మంగళవారాలు ఎందుకొస్తారు? ఇందాక పోస్టుమాస్టరు గారు డ్రైవరని తేల్చేస్తే అదే భయమేసింది. జవాబు దొరికాక ఎవరి కొంపకు వాళ్ళు పోవడమేగా."

"పెళ్ళికి ముందే చెప్పుంటే చేసుకునేదానివా?" అన్నాడు దర్జీ.

"చేసుకునేదాన్నే. జాకెట్లు మాత్రం వేరేచోట కుట్టించుకునేదాన్ని."

కొట్టంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే పోస్టుమాస్టరు గారు నర్సు చెవిలో సెలవు సంగతి ఒప్పేసుకున్నారు. "ముందే చెబితే మందిచ్చేదాన్నిగా!" అని ఆవిడ వీధి చివరకు వినిపించేలా అంది. జిరాక్సు ఆయన వెళ్ళలేదు. ఐదో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మరుసటి మంగళవారం, కొత్త రంగు వాసన మధ్య, సభ కొత్త అంశం చేపట్టింది: దర్జీ ఆ గుండీ నిజంగా మర్చిపోయాడా, లేక లాయరు మర్చిపొమ్మన్నాడా?