రెండు ర్యాములు, ఒక పదవీ విరమణ

ప్రభుత్వానికి చెందిన ప్రతి వస్తువుకూ ఒక మనిషి పూచీ ఉండాలి. మనిషికి మాత్రం ఎవరి పూచీ అక్కర్లేదు. దమన్‌హూరు పట్టణంలోని కాలువగట్ల చెట్ల నమోదు కార్యాలయం ఈ మహత్తర సూత్రం మీదే ముప్పై ఏళ్లుగా ఏ చెట్టుకూ హాని కలగకుండా నడుస్తోంది.

ఆ కార్యాలయంలో రెండో అంతస్తు గుమాస్తా మేడమ్ ఇన్సాఫ్ పద్నాలుగు నెలల క్రితం పదవీ విరమణ చేసింది. సభ జరిగింది. కేకు కోశారు. ఆమె సేవలను గురించి డైరెక్టరు బహ్‌గత్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు (అందులో ముప్పై నిమిషాలు తన సేవలను గురించి). మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఆమె పూచీ మీద ఉన్న కంప్యూటరును ఇంకా ఎవరికీ అప్పగించలేదు. అప్పగించనిదే విడుదల పత్రం ఇవ్వరు. విడుదల పత్రం లేనిదే, సెలవు రోజున తప్ప, ఊరు విడిచి వెళ్లరాదు. కనుక ఆమె రోజూ వచ్చేది, పని లేదు కాబట్టి కూర్చునేది, రెండింటికి వెళ్లేది. హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టేశారు కాబట్టి, ‘వెళ్లిపోయినవారి హాజరు’ అని ఒక కొత్త పట్టీ తెరిచారు. అందులో ఉన్నది ఆమె ఒక్కతే. అయినా రోజూ వరుస సంఖ్య వేసేవారు.

ఆమెకు వెళ్లాల్సిన చోటు ఉంది. సముద్రం దగ్గర రషీదు అనే ఊళ్లో అక్క కద్రియ్య ఒంటరిగా ఉంది. ఆవిడకు చూపు సగానికి సగం పోయింది. రోజుకు నాలుగుసార్లు కంట్లో చుక్కలు వేయాలి. పక్కింటావిడ వేస్తోంది గానీ రెండుసార్లు చెవి చుక్కలు వేసింది. ఇన్సాఫ్ కోసం అక్క ఒక గది ఖాళీ చేయించి, కిటికీకి కొత్త తెర కట్టించింది. ఆ తెర రంగు ఏమిటో కద్రియ్యకు తెలియదు. ప్రతి శుక్రవారం సెలవున వెళ్లి వచ్చే ఇన్సాఫ్ ఆకుపచ్చ అని చెప్పేది. నిజానికి అది గోధుమరంగు.

కంప్యూటరును పనిచేసే స్థితిలో అప్పగించాలని నిబంధన. అది పనిచేస్తూనే ఉండేది, మెల్లిగా, ముక్కుతూ. కానీ ఆమె విరమణకు వారం ముందు కైరో నుంచి సర్క్యులరు వచ్చింది: కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన యంత్రాన్ని మాత్రమే ఇకపై పనిచేసే యంత్రంగా పరిగణించాలి. పదమూడేళ్ల ఆ పెట్టె ఒక్క సంతకంతో చచ్చిపోయింది.

మొదట వచ్చిన సాంకేతిక నిపుణుడు రెండు గంటలు ప్రయత్నించి, లోపం సాఫ్ట్‌వేరులో ఉందని రాసి హార్డ్‌వేరు విభాగంలో ఇచ్చాడు. తమది కాదంటూ వాళ్లు మూడు నెలల తర్వాత తిప్పి పంపారు. రెండో నిపుణుడు లోపం హార్డ్‌వేరులో ఉందని రాసి సాఫ్ట్‌వేరు విభాగంలో ఇచ్చాడు. వాళ్లు మరింత మర్యాదస్తులు, తిప్పి పంపడానికి ఆరు నెలలు తీసుకున్నారు. పాడైన భాగానికి బదులు కొత్తది కావాలంటే ఒక దరఖాస్తు ఉంది. దాన్ని ఆన్‌లైనులో, లోపమున్న కంప్యూటరు నుంచే పంపాలి.

మూడో మనిషి వగ్దీ. ముప్పై ఒక్క ఏళ్లు. అలెగ్జాండ్రియా నుంచి తాత్కాలిక బదిలీ మీద వచ్చి పది రోజులే అయింది. పనిని పనిగా చేయడం అతని దురలవాటు. పెట్టె పక్క రేకు విప్పి లోపలికి తొంగిచూసిన మొదటి ప్రభుత్వోద్యోగి అతనే.

ఫ్యాను నిండా బొచ్చు పేరుకుపోయి ఉంది. దాని కింద అరచేయి నిండా నువ్వులు దొరికాయి.

“ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి మేడమ్?”

“పదమూడేళ్లుగా పొద్దున్నే ఇక్కడే కూర్చుని సిమిత్ రొట్టె తింటున్నా నాయనా. నువ్వులు రాలకుండా ఎవరు తినగలరు చెప్పు?”

అతను నవ్వి బ్రష్షుతో అంతా దులిపాడు. పెన్‌డ్రైవు పెట్టి సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. నలభై ఒక్క శాతం దగ్గర నీలం తెర వచ్చి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పదిహేడు దగ్గర, వేరే లోపం పేరుతో. మూడోసారి అరవై దాకా పోయి, ఇంకో కొత్త పేరు చూపించి పడిపోయింది. వగ్దీ ముఖం వెలగడం ఇన్సాఫ్ గమనించింది. యంత్రం చెడిపోతుంటే ఆనందించే మనిషిని ఆమె అంతవరకు చూడలేదు.

ఎందుకని అడిగితే, డిస్కు పాడైతే ఎప్పుడూ ఒకే చోట ఆగుతుందని, ఒక్కోసారి ఒక్కో మాట చెబుతోందంటే జ్ఞాపకశక్తిలోనే తేడా ఉన్నట్టని వివరించాడు. పోలీసు స్టేషనులో దొంగసాక్షుల్ని పట్టుకునేదీ ఇలాగేనని ఆమె అంది.

మధ్యాహ్నం మెమరీ పరీక్ష పెట్టాడు. తెర మీద ఎర్ర గీతలు దిగుతూనే ఉన్నాయి. లోపల రెండు ర్యాములు ఉన్నాయి. ఒకటి తీసి చూశాడు, ఎర్ర గీతలు ఆగలేదు. దాన్ని పెట్టి రెండోది తీశాడు. గీతలు ఆగిపోయాయి. మళ్లీ సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టాడు. పదిహేడు దాటింది. నలభై ఒకటి దాటింది. అరవై దగ్గర ఇన్సాఫ్ తెలియకుండానే అతని భుజం పట్టుకుంది. గంటా పది నిమిషాలకు తెర మీద ‘స్వాగతం’ అనే మాట కనిపించింది. పద్నాలుగు నెలల్లో ఆ ఆఫీసులో ఆమెతో ఆ మాట అన్నది అదొక్కటే.

అప్పగింత కమిటీ మర్నాడే కూర్చుంది. అధ్యక్షుడు బహ్‌గత్ గారు, సభ్యులు స్టోర్‌కీపరు అబ్దుల్ మవ్‌గూద్, న్యాయ వ్యవహారాల ప్రతినిధి సామియా. యంత్రం బాగా నడుస్తున్నదని ముగ్గురూ ఒప్పుకున్నారు. తర్వాత స్టోర్‌కీపరు జాబితా తీసి, ‘మెమరీ ర్యాములు, రెండు’ అని చదివి పెట్టెలోకి చూశాడు.

ఒకటే ఉంది.

రెండోది పాడైపోయిందని వగ్దీ చెప్పాడు. జాబితాలో పాడైనది, పాడవనిది అనే వరుసలు లేవని, ఉన్నది, లేనిది అనే రెండే ఉన్నాయని స్టోర్‌కీపరు అన్నాడు. దాన్ని తిరిగి పెడితే యంత్రం ఆగిపోతుందన్నాడు వగ్దీ. అలాగైతే యంత్రం పనిచేయనట్టే కదా అన్నారు బహ్‌గత్ గారు. కొత్తది కొందామా అంటే, అదే కంపెనీది, అదే సంవత్సరంలో తయారైనది, సీలు విప్పనిది కావాలని సామియా చదివి వినిపించింది. ఆ రకం తయారీ ఆగిపోయి పదకొండేళ్లయింది. కమిటీ సానుభూతి ప్రకటించి, ఆ సానుభూతిని మినిట్సులో రాసుకుని లేచింది.

ఆ వేళ ఇన్సాఫ్ సిమిత్ తినలేదు. రషీదుకు ఫోను చేస్తే పక్కింటావిడ ఎత్తింది. కద్రియ్య పొద్దున వంటింటి గడప తట్టుకుని పడిందని, కుడి మణికట్టుకు కట్టు కట్టారని చెప్పింది. తర్వాత కద్రియ్య ఫోను తీసుకుని, ఏం కాలేదు, నువ్వు నీ పని చూసుకుని నిదానంగా రా అంది. తనకు పనేమీ లేదని ఇన్సాఫ్ చెప్పలేకపోయింది. ఫోను పెట్టేసి కిటికీ వైపు తిరిగి నిలబడింది. వగ్దీ స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నట్టు నటించాడు.

వెతకడం మాని అన్నాడు: “మేడమ్, ర్యాము లోపల ఉండాలనేగా వాళ్లు రాసుకుంది? పనిచేయాలని ఎక్కడా రాయలేదు కదా.”

పాడైన ర్యామును పెట్టె లోపలి గోడకు, దేనికీ తగలకుండా, టేపుతో నున్నగా అతికించాడు. యంత్రం నడిచింది. కమిటీని మళ్లీ పిలిచారు.

స్టోర్‌కీపరు లోపలికి తల పెట్టి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మళ్లీ ఒకటి, రెండు.

“రెండోది గోడకి ఎందుకుంది?” అన్నారు బహ్‌గత్ గారు.

“అది విశ్రాంతి తీసుకుంటోంది సార్.”

డైరెక్టరు సామియా వైపు చూశారు. ఏ భాగం ఎక్కడ ఉండాలో నిబంధనలు చెప్పలేదని, లోపల ఉంటే చాలని ఆమె అంది. కమిటీ ఏకగ్రీవంగా సంతృప్తి చెందింది. స్టోర్‌కీపరు మూడు కాగితాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది విడుదల పత్రం. రెండోది యంత్రం పనిచేస్తున్నదన్న ధ్రువీకరణ. మూడోది స్వీకర్త పత్రం. ఇన్సాఫ్ ఖాళీచేసిన ఉద్యోగాన్ని మళ్లీ భర్తీ చేయకూడదని ఉత్తర్వు ఉంది కనుక, యంత్రం స్థితి బాగా తెలిసిన ఉద్యోగే దాన్ని స్వీకరించాలి.

ఆ పత్రం పని ఏమిటో గదిలో నలుగురికి తెలుసు. అయిదోవాడు చేతికి అంటిన టేపు జిగురు గీక్కుంటున్నాడు.

పద్నాలుగు నెలలు ఇన్సాఫ్ ఒక్క నియమమూ దాటలేదు. ఇప్పుడు నోరు తెరిస్తే కాగితం మళ్లీ బీరువాలోకి పోతుంది. రషీదులో పక్కింటావిడ రాని పూట అక్క ఎడమచేత్తో చుక్కలు వేసుకుంటుంది.

“చదివి పెట్టు నాయనా,” అంది చివరికి.

వగ్దీ నవ్వాడు. షరతులన్నీ చదివి అంగీకరిస్తున్నానంటూ రోజుకు పాతికసార్లు నొక్కే వృత్తి అతనిది. ఇన్నేళ్లలో ఒక్క షరతూ చదివిన పాపాన పోలేదు, ఏ ఉపద్రవమూ రాలేదు.

“మీరు అక్క దగ్గరికి వెళ్లండి మేడమ్, బండి దొరకదు మళ్లీ,” అన్నాడు. స్వీకర్త పత్రం మీద మూడు చోట్లా సంతకం పెట్టాడు.

ఆమె విడుదల పత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలేసింది. మెట్లు దిగుతూ ఆగలేదు. ఆ సాయంత్రమే రషీదు చేరి, అక్క కంట్లో చుక్కలు వేసి, తెర గోధుమరంగని ఒప్పుకుంది. రెండో అంతస్తులో తన బదులు ఇంకొకరు మిగిలిపోయిన సంగతి మాత్రం కద్రియ్యకు చెప్పలేదు.

తన తిరుగు బదిలీ రద్దయిందనీ, యంత్రం ఉన్నచోటే తానూ ఉండాలనీ వగ్దీకి ఆదివారం ఆఫీసు తెరవగానే తెలిసింది. అతను మూడో కాగితం తీసుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లాడు. బహ్‌గత్ గారు కూర్చోబెట్టి టీ తెప్పించారు. ఇరవై తొమ్మిదేళ్లు ఇట్టే గడిచిపోతాయని ధైర్యం చెప్పారు. ఉద్యోగులకు విరమణ వయసు అరవై అని నిబంధనల్లో స్పష్టంగా ఉందని, కంప్యూటర్లకు మాత్రం ఇంకా నిర్ణయించలేదని వివరించారు.