యాలకుల సిరప్‌లో గాజు ముక్కలు

"ఒరే ఆరిఫ్! ఈ రోజు తారీఖు రాసిపెట్టుకో. తెనాలి నేరప్రపంచానికి ఇదే ఆఖరి రోజు!"

పున్నారావు ఈ ప్రకటన చేసేటప్పటికి ఉదయం తొమ్మిదైంది. నేను నా రిపేరు షాపులో ఒక మిక్సీని విప్పి, దాని స్క్రూ ఎక్కడో పడేసుకుని, బల్ల కింద పాకుతున్నాను. ఆ స్క్రూ కాస్త కనిపెట్టి పెట్టమని అడుగుదామనుకున్నాను గానీ, అంతటి మేధస్సును చిన్న పనులకు వాడకూడదని ఊరుకున్నాను.

పున్నారావుది రేపల్లె. వాళ్ళ నాన్నకు చేపల వ్యాపారం. అది చూసుకోమంటే, "నేను వల వేసేది చేపలకు కాదు, నేరస్థులకు" అని తెనాలి వచ్చేసి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. ఏజెన్సీ అంటే నా షాపులో ఓ మూల ఉన్న ప్లాస్టిక్ కుర్చీ. ఇంతవరకూ పరిష్కరించిన కేసు ఒక్కటే. తప్పిపోయిన మేకను వెతకడానికి వెళ్ళి, తప్పిపోని మేకను పట్టుకొచ్చాడు. దాని యజమాని కర్ర పుచ్చుకుని వస్తే వీడు మాయమయ్యాడు. దెబ్బలు నాకు తగిలాయి.

అంతలో ఇంట్లోంచి నా భార్య కౌసర్ కేక వినిపించింది. మా ఇల్లు షాపు వెనకే.

"చూశావా, నేరం నా అడ్రసు కనుక్కుని వచ్చింది!" అంటూ వాడు లోపలికి పరిగెత్తాడు.

కౌసర్ నా షాపు ముందు బండి పెట్టి వాఫిల్స్, పాన్‌కేకులు అమ్ముతుంది. వాటి మీద పోసే సిరప్ కూడా తనే కాస్తుంది. పంచదార పాకంలో దంచిన యాలకులు, బత్తాయి తొక్క వేసి సన్నసెగ మీద మరిగించి, వడకట్టి సీసాల్లో పోస్తుంది. ఆ రుచి బాపట్ల దాకా పాకింది. సూర్యలంక బీచి దగ్గర కొత్తగా పెట్టిన ఓ రిసార్టు మేనేజరు జ్ఞానానందం గారు అరవై సీసాలు చెప్పారు. నచ్చితే ప్రతి నెలా అరవై. మూడేళ్ళుగా ఎండలో నిలబడి కౌసర్ కాళ్ళు వాచిపోతున్నాయి. ఈ ఆర్డరు నిలిస్తే బండి మానేసి ఇంటిపట్టున సిరప్ కాసుకోవచ్చని ఆమె ఆశ. నా ఆశ కూడా అదే. సాయంత్రం నాలుగింటికల్లా సీసాలు బాపట్లలో ఉండాలి.

కౌసర్ ఒక సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది. మొన్న కాసినప్పుడు తేటగా ఉన్న సిరప్ అడుగున ఇప్పుడు ఏవో చిన్న చిన్న ముక్కలు తళతళలాడుతున్నాయి. అరవై సీసాల్లోనూ అంతే.

పున్నారావు జేబులోంచి భూతద్దం తీశాడు. తిరగేసి పట్టుకున్నాడని నేను చెప్పలేదు. ఎలా పట్టుకున్నా వాడికి కనబడేది ఒకటే.

"గాజు!" అన్నాడు గొంతు తగ్గించి. "ఇది హత్యాప్రయత్నం. కాదు, సామూహిక హత్యాప్రయత్నం! కాదు, అంతర్జాతీయ..."

"కొంచెం నోట్లో వేసుకుని చూస్తానన్నయ్యా," అంది కౌసర్.

"నాలుక తెగుతుంది! అయినా సాక్ష్యాన్ని తింటారామ్మా ఎవరైనా?"

ఇంట్లో రోజూ కాసే సిరప్ సాయంత్రానికల్లా అయిపోతుంది. రెండు రోజులు నిలవ ఉంచితే ఏమవుతుందో మాకెవరికీ తెలియదు. అందుకే వాడి మాట నేను కూడా నమ్మేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పావుగంటలో కౌసర్ ఫోను మోగింది. జ్ఞానానందం గారు.

"ఏంటమ్మా ఇది? సిరప్‌లో గాజు ముక్కలంట కదా! ఎవరో పెట్టిన వాట్సాప్ స్టేటస్ మా వంటాయన చూపించాడు. మాకొద్దమ్మా మీ సరుకు."

నేను పున్నారావు వైపు చూశాను. వాడు మీసం దువ్వుకున్నాడు.

"ప్రజలను అప్రమత్తం చేశాన్రా. మూడొందల మంది చూశారు."

కౌసర్ వెళ్ళి పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, చున్నీతో ముఖం కప్పుకుంది. తిట్టినా బాగుండేది. నాకు పున్నారావును ఆ అరవై సీసాలతో పాటు కాలవలో పడేయాలనిపించింది.

"ఏడవకమ్మా," అన్నాడు వాడు. "గంటలో నేరస్థుణ్ణి నీ కాళ్ళ దగ్గర పడేస్తా. అసలు ఈ వీధిలో గాజు ఎవరి దగ్గరుంది?"

మా పక్క షాపు నరసింహారావు గారిది. ఫోటోలకు ఫ్రేములు కడతారు. అరవై ఏళ్ళ పెద్దమనిషి. మేం వెళ్ళేసరికి వజ్రపు కలంతో గాజు పలక కోస్తున్నారు.

"రెడ్‌హ్యాండెడ్‌గా దొరికారు!" అన్నాడు పున్నారావు.

"ఎవరికిరా?"

"మొన్న సాయంత్రం ఆరు గంటలకు మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. నువ్వే కదరా నా స్టూలు మీద కూర్చుని నా పాన్‌కేకు తిన్నావు!"

"మాట మార్చకండి. మీ షాపులో గాజు ఉందా లేదా?"

"గాజు లేకుండా ఫ్రేము ఎలా కడతార్రా?"

"ఒరే ఆరిఫ్, రాసుకో. నేరం ఒప్పుకున్నాడు. కారణం కూడా నేనే చెప్తా. కౌసర్ బండి దగ్గర జనం మూగడంతో ఈయన బేరాలు పోయాయి. ఈర్ష్య!"

"ఆ జనం వల్లే నాకు రెండు పెళ్ళి ఫోటోల బేరాలొచ్చాయి," అన్నారు నరసింహారావు గారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏంటయ్యా ఆరిఫూ, వీడికి మందులు ఆపేశారా?" అన్నారు.

నేను తల దించుకుని జరిగింది చెప్పాను. కౌసర్ కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం చూసి పెద్దాయన కోపం చల్లారింది. అదే సమయానికి టీ కొట్టు సరోజ గారు ఓ గ్లాసు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, మా వినోదం చూస్తూ అక్కడే ఆగిపోయారు.

"ఇదిగో సాక్ష్యం!" పున్నారావు సీసాలోంచి ఏరి దాచిన ముక్కల కాగితం పొట్లం జేబులోంచి తీసి విప్పి, పెద్దాయన ముఖం ముందు గిరగిరా తిప్పాడు. "ఈ ముక్కలు మీవి కావని ప్రమాణం చేయగలరా? చేయగలరా అని!"

నరసింహారావు గారు విసుగ్గా టీ గ్లాసు అందుకుని నాలుగు గుక్కల్లో తాగేశారు. పున్నారావు కాగితం కిందికి దించి చూసుకున్నాడు. అందులో ఏమీ లేదు.

"సాక్ష్యం ఏదిరా?"

బల్ల మీద లేదు. నేల మీద లేదు. మిగిలింది ఒకే ఒక్క చోటు. అందరం ఖాళీ టీ గ్లాసు వైపు చూశాం.

"అయ్యో, గాజు తాగేశాడు!" అని అరిచాడు పున్నారావు. "నేరస్థుడు ఆత్మహత్య చేసుకుంటున్నాడు! అంబులెన్సు!"

సరోజ గారు గుండెలు బాదుకున్నారు. నేను ఫోను తీసి కంగారులో తప్పు నంబరు నొక్కాను. నరసింహారావు గారు మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని లేచారు.

"సరోజా! నాకు షుగరుందని తెలిసి కూడా టీలో ఇంత పంచదార పోస్తావా?"

"అమ్మమ్మ, ఒట్టండి! మీకెప్పుడూ పంచదార లేకుండానే తెస్తానండి!"

అందరికంటే ముందు కదిలింది కౌసర్. ఇంట్లోకి పరిగెత్తి, ఒక సీసా తెచ్చి, ఓ ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఫక్కున నవ్వింది.

"పలుకు కట్టిందండి. ఒట్టి పంచదార! పాకం దించాక కదపకూడదని మా అమ్మ చెప్పేది. కదిపితే ఇలా పలుకు కడుతుందట. నేను కదపలేదే! దించాక గరిటె ఎవరు పెట్టారు?"

నాకు గుర్తొచ్చింది. మొన్న కౌసర్ సీసాలు కడుగుతుంటే, పంచదార డబ్బాలో ముంచిన గరిటెను నాకి, అదే గరిటెతో పాకమంతా తిప్పుతూ నాకు నేరపరిశోధన మీద గంటసేపు పాఠం చెప్పిన మహానుభావుడు ఒకడున్నాడు.

"సాయం చేద్దామని..." అన్నాడు పున్నారావు నేల చూస్తూ.

నరసింహారావు గారే జ్ఞానానందం గారికి ఫోను చేశారు. "నలభై ఏళ్ళుగా గాజు కోస్తున్నానండి. ఈ పొద్దున గాజు తాగానని మా వీధంతా ఏడ్చింది. నాకేం కాలేదండి, కాస్త షుగరు పెరిగుంటుంది అంతే."

అవతలి నుంచి, "సరే తీసుకురండి. నా ఎదురుగా ఎవరన్నా ఓ సీసా తాగితేనే నమ్ముతా," అన్నారాయన.

సిరప్ అంతా మళ్ళీ గిన్నెల్లో పోసి, కాసిని నీళ్ళు చేర్చి, కరిగేదాకా వేడిచేసి, మళ్ళీ పలుకు కట్టకుండా నిమ్మరసం పిండాం. పున్నారావును గరిటెకు పది అడుగుల దూరంలో కూర్చోబెట్టి నిమ్మకాయలు పిండించాం. రెండు గంటలకు ట్రాలీ ఆటో ఎక్కి పొన్నూరు మీదుగా బాపట్ల చేరాం.

జ్ఞానానందం గారు అట్టపెట్టెలోంచి చేతికందిన సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. "తాగేదెవరు?"

కౌసర్ ముందుకు వచ్చింది. పున్నారావు అడ్డం నిలబడ్డాడు.

"ఆగమ్మా. స్టేటస్ పెట్టింది నేను."

మూత తీశాడు. నా చెవిలో నెమ్మదిగా అన్నాడు: "ఒరే, ఒకవేళ నేను చెప్పిందే కరెక్టయితే?"

తను కరెక్టేమోనని పున్నారావు భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. అయినా కళ్ళు మూసుకుని సీసా ఎత్తాడు. చిక్కటి సిరప్, అంత తొందరగా దిగదు. గుటక గుటకకూ వాడి గొంతు కదలడం చూస్తుంటే, మేక దెబ్బలన్నీ మాఫీ చేసేశాను. చివరి చుక్క దాకా తాగి, ఖాళీ సీసా బల్ల మీద పెట్టి, వాడు అలాగే నిలబడ్డాడు. ఏమీ కాలేదు.

"కేసు... పరిష్కారమైంది," అన్నాడు, ఎక్కిళ్ళ మధ్య.

జ్ఞానానందం గారు ఇంకో సీసాలోంచి వేడి వాఫిల్ మీద సిరప్ పోసుకుని తిన్నారు. వేళ్ళు కూడా నాకారు. "ప్రతి నెలా పంపమ్మా," అని, తను విప్పినదాంతో కలిపి సీసాలు లెక్కపెట్టి ముఖం చిట్లించారు. "అరవై కదా చెప్పాను? యాభై తొమ్మిదే ఉన్నాయేంటి?"

"ఒకటి మా డిటెక్టివ్ అన్నయ్య తాగేశాడు కదండి," అంది కౌసర్. "వచ్చే నెల ఆయన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తానండి."