మోట్‌కు చదివి వినిపించని కాగితం

పుస్తకాభిమానంలో పెంట్రెవైన్ గ్రామం వేల్స్ దేశానికే తలమానికమని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మా ఊళ్లో గొర్రెలు తొమ్మిది వందలు, ఓటున్నవాళ్లు నూట నలభై ముగ్గురు, పాత పుస్తకాల కొట్టు ఒకటి. గ్రామ మండలికి చెందిన పాత ప్రార్థనా మందిరంలో మెరెరిడ్ అనే పెద్దావిడ దాన్ని నడుపుతోంది. అక్కడ ఒకటే నియమం. ఏ పుస్తకం కావాలన్నా దాని మొదటి పేజీ ఆవిడ కుక్క మోట్‌కు పైకి చదివి వినిపించాలి. మోట్ లేచి వెళ్లిపోతే ఆవిడ పుస్తకం ఇవ్వదు. ఈ నియమాన్ని మేం ఎంతగానో మెచ్చుకుంటాం.

మొన్న వసంతంలో ఆ మందిరాన్ని పడగొట్టి కార్లు నిలిపే స్థలం చేస్తారని పుకారు పుట్టింది. ఊరు భగ్గుమంది. ఆ వారంలోనే మండలి గుమాస్తా టెగ్విన్ పట్నం నుంచి పదకొండు పేజీల కాగితం తెచ్చి కొట్టు బల్లమీద పెట్టాడు. కొట్టును కాపాడమనే వినతిపత్రం వచ్చేసిందని జనం బారులు తీరారు. మెరెరిడ్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా కొట్టుకి ఇంతమంది ఆప్తులున్నారని తెలీదర్రా!" అంటూ మొదటి సంతకం తనే చేసింది. కాగితం పుస్తకం కాదు గనుక మోట్‌కు వినిపించనక్కర్లేదని మా ఊరి పాఠక సంఘం తీర్మానించింది.

గొర్రెల బొచ్చు కత్తిరించే గెథిన్ ఒక్కడే మొరాయించాడు. అతని కళ్లజోడును పొట్టేలు తొక్కేసింది.

"ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టండమ్మా."

"నీకు పుస్తకాల విలువేం తెలుసయ్యా! చెయ్యవయ్యా సంతకం, వెనక జనం ఉన్నారు" అన్నారు సంఘాధ్యక్షురాలు నెరిస్ గారు.

"సంగతేంటో తెలీకుండా నేను గొర్రెని కూడా కొనను తల్లీ" అని గెథిన్ వెళ్లిపోయాడు. అతని అజ్ఞానానికి మేమందరం జాలిపడ్డాం.

మండలి నెలాఖరు సభలో టెగ్విన్ గద్గద స్వరంతో ప్రసంగించాడు.

"కూల్చివేతకు సమ్మతించేవారు సంతకం చేయవలసిందని మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాశాం. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఇంతటి ఏకాభిప్రాయం ఎరగను. నూట నలభై రెండు సంతకాలు! తొలి సంతకం కొట్టు యజమానురాలిదే. ఆమె త్యాగనిరతికి జోహార్లు!"

మెరెరిడ్ కాళ్ల దగ్గర పడుకున్న మోట్ లేచి బయటికి వెళ్లిపోయింది.

కూల్చివేత వచ్చే సోమవారం. పుస్తకాలను గెథిన్ తన గొర్రెల కొట్టంలోకి మోస్తున్నాడు. అభిమానులం మేం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుంటామా? టెగ్విన్ బల్లమీద ఇంకో కాగితం కనబడింది, అందరం సంతకాలు చేసేశాం. మీరూ వచ్చి చేయండి. అందులో ఏముందంటారా? అయ్యో, చదువుకున్నవారు, మీరు కూడా గెథిన్‌లా మాట్లాడితే ఎలాగండీ!