వెనక గదిలో రాళ్ళ మోత

ప్రతి ఇంట్లోనూ రాళ్ళు నునుపు చేసే మెషిన్ ఒకటి ఉండి తీరాలి. అది లేని ఇంటిని నేను ఇల్లుగా ఒప్పుకోను!

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. ఇంట్లో మిక్సీ ఉంది, వాషింగ్ మెషిన్ ఉంది, పై వాటాలో ఎవరో ఏడాదిగా గోడకు డ్రిల్లింగ్ చేస్తూనే ఉన్నారు, ఇంకా మోత చాలలేదా అంటారు. చాలలేదు మహాశయా! నా వాదనంతా అక్కడే ఉంది. మిక్సీ రెండు నిమిషాలు అరిచి ఊరుకుంటుంది. వాషింగ్ మెషిన్ గంటకే అలిసిపోతుంది. ఆ సందుల్లో ఇంట్లోవాళ్ళు మాట్లాడేస్తారు. నేను చెప్పే ఈ రాళ్ళ మెషిన్, అంటే వైబ్రేటరీ టంబ్లర్, అలాంటి అవకాశం ఇవ్వదు. ఒకసారి స్విచ్ వేశామంటే రోజుల తరబడి మోగుతూనే ఉంటుంది.

ఈ భాగ్యం ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. అడుగున మోటారు, దాని మీద స్ప్రింగులు, స్ప్రింగుల మీద ఒక గిన్నె. గిన్నెలో రాళ్ళు, వాటి మధ్య పింగాణీ గుళికలు, కాస్త గరుకు పొడి, కాసిని నీళ్ళు. మోటారు గిన్నెను వణికిస్తుంది, గిన్నె రాళ్ళను వణికిస్తుంది, రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ నున్నబడతాయి. గరుకు పొడి తీసేసి మెత్తని పొడి, అది తీసేసి ఇంకా మెత్తని పొడి వేసుకుంటూ పోతే, చివరికి రోడ్డు పక్కన ఏరుకొచ్చిన రాయి కూడా నగల షాపులో పుట్టినట్టు మెరుస్తుంది.

నేను ముప్ఫై ఏళ్ళు ఒక ఆఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. ఆ కుర్చీ నాకు నేర్పిన విద్య ఒక్కటే: "ఊఁ" అనడం. ఎదుటివాడు ఎంత చెప్పినా ఊఁ అంటే చాలు. మనం విన్నామని వాడనుకుంటాడు, ఒప్పుకున్నట్టు ఎక్కడా రుజువుండదు. ఇంత మంచి విద్యను రిటైరయ్యాక వదిలేయడం ఎందుకని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో ఉండేది మా ఆవిడ ఒక్కతే. ఆమె ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. వచ్చినవాళ్ళ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి శబ్దాలు వినిపించి, వినపడితే చెయ్యెత్తమంటుంది. విధి ఎవరిని ఎవరికి జత చేస్తుందో చూడండి!

మెషిన్ ఎంచుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. మూడు వారాలు కళ్ళు కాయలు కాచేలా వీడియోలు చూశాను. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి పీపాలా దొర్లేది. నెల పైనే తీసుకుంటుంది, రాయి మూలలన్నీ అరగదీసి గుండ్రంగా చేసి పెడుతుంది. రెండోది వణికేది. అంత కాలం పట్టదు, పైగా రాయి ఆకారం పెద్దగా మారదు. వంకర వంకరగానే ఉంటుంది, మొండి మొండిగానే ఉంటుంది, పైకి మాత్రం మెరుస్తుంది. ఏమీ మారకుండానే మెరవగలిగే సదుపాయం! ఈ మాట విన్నాక ఇంక మొదటి జాతి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

మెషిన్ వచ్చింది. ఎక్కడ పెట్టాలి? నేల గట్టిగా, మట్టంగా ఉండాలని దానితో వచ్చిన చిన్న పుస్తకంలో రాశారు. హాల్లో పెడితే టీవీ వినపడదు. వంటింట్లో పెడితే మా ఆవిడ ఊరుకోదు. బాల్కనీలో పెడితే వీధిలోవాళ్ళు ఊరుకోరు. మిగిలింది వెనక గది. దళసరి గోడలు, వీధి వైపు కిటికీ లేదు, తలుపు వేస్తే మన ఊపిరి మనకే వినపడుతుంది. ఇల్లంతా వెతికినా అంత నిశ్శబ్దమైన చోటు ఇంకొకటి లేదు. అంత నిశ్శబ్దం ఎవరికీ అక్కరకు రాకుండా వృథాగా పడి ఉంది!

రసమట్టం పెట్టి నేల మట్టంగా ఉందో లేదో చూసుకున్నాను. కారులో కాళ్ళ కింద వేసే పాత రబ్బరు చాప పరిచాను. గిన్నె మధ్యలో ఉండే నట్టును మాత్రం తొందరలో సగమే బిగించాను. స్విచ్ వేయగానే మెషిన్ గడగడలాడుతూ చాప దిగి, గచ్చు మీద జరుగుతూ జరుగుతూ గుమ్మం దాకా వెళ్ళింది. గదిలోంచి వెళ్ళిపోవాలన్న జ్ఞానం ఆ రోజే దానికి కలిగింది. నేను దాన్ని వెనక్కి లాక్కొచ్చి నట్టు బిగించాను.

ఇక లాభాలు వినండి.

మా బావమరిది రెండు రోజులుండి పోతానని వచ్చి మూడో వారంలో ఉన్నాడు. వెళ్ళమని చెప్పడానికి నాకు నోరు రాదు. మెషిన్‌కు ఆ మొహమాటం లేదు. మధ్యాహ్నం స్విచ్ వేశాను, సాయంత్రానికి పెట్టె సర్దేశాడు. పోతూ పోతూ గుమ్మంలో ఏదో అన్నాడు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? నేను ఆశీర్వాదంగా తీసుకున్నాను.

కింది వాటాలో లెక్కల మాస్టారొకాయన ఉంటారు. ఆరేళ్ళుగా మెట్ల మీద ఎదురుపడినా పలకరించుకున్న పాపాన పోలేదు. మెషిన్ వచ్చిన రెండో రోజే ఆయన స్వయంగా పైకొచ్చారు.

"ఏమండీ, మా గోడ మీద ఫోటోలన్నీ ఎడమ పక్కకి ఒరిగిపోయాయండీ!"

"అన్నీ ఒకే పక్కకా?"

"ఒకే పక్కకి."

"అయితే చూడటానికి బాగానే ఉంటుంది కదండీ మాస్టారూ!"

అప్పట్నించీ ఆయన రోజూ రావడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు మధ్య రాకపోకలు తగ్గిపోయాయని వాపోయే పెద్దలు ఈ సంగతి గమనించాలి.

ఇంకో మాట. గిన్నె కడిగిన బురదనీళ్ళు తూములో పోయకూడదని పుస్తకంలో పెద్దక్షరాలతో ఉంది. లోపల పేరుకుని గట్టిపడిపోతుందట. చదివాను. అర్థమైంది. పోశాను. బాత్రూం రెండు రోజులు మూతబడింది. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్పానో మీరు తర్వాత మళ్ళీ తలుచుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద లాభం దాంపత్యానికి సంబంధించినది. మా ఆవిడ మొదటి రోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, వెనక గది గుమ్మంలో చేతి సంచీతోనే నిలబడిపోయింది. పెదవులు కదిలాయి. నేను చెవి చూపించి, వినపడటం లేదని చెయ్యి ఊపాను. మళ్ళీ కదిలాయి. మళ్ళీ ఊపాను. కాసేపు గిన్నె వంక, కాసేపు నా వంక చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంత ప్రశాంతత! వాదన లేదు, ఎదురువాదన లేదు, అలక లేదు. నిజంగా అలక లేదా అని మీరు అడగొచ్చు. ఉన్నా నాకు వినపడలేదు.

ఇంతలో నాలో ఒక కొత్త శక్తి మేల్కొంది. ఈ మెషిన్‌ను కళ్ళతో కాదు, చెవులతో కాపలా కాయాలి. నీళ్ళు తగ్గితే పొడి ముద్ద కడుతుంది, మోతలో సన్నటి తేడా వస్తుంది. అప్పుడు చెంచాడు నీళ్ళు చిలకరించాలి. వారం తిరక్కుండా నాకు ఆ తేడా వీధి గుమ్మం దగ్గర్నుంచే తెలిసిపోయేది. ఒకరోజు స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాను. మా ఆవిడ ఎదురైంది. ఆ మోతలో ఆమె గొంతు చించుకుని అడిగింది.

"ఏమైందండీ?"

"గొంతు కాస్త మందగించింది."

"ఎవరి గొంతు?"

"రాళ్ళది."

ఆమె నన్ను పేషెంటును చూసినట్టు చూసింది. "మొన్న జలుబు చేసి నాలుగు రోజులు నాకు గొంతే పెగల్లేదు. తెలుసా?"

"ఊఁ," అన్నాను.

ఆ మర్నాడు ఆమె డ్యూటీలో ఉండగా వడ్రంగి వచ్చాడు. టేపు తీసి వెనక గది గోడలు కొలిచాడు, తలుపు సందులు తడిమి చూశాడు.

"గోడలన్నిటికీ దళసరి ఫోమ్ వేయమన్నారు సార్ అమ్మగారు. తలుపుకి రబ్బరు పట్టీలు. చీమ చిటుక్కుమన్నా అటుది ఇటు రాకూడదన్నారు, ఇటుది అటు పోకూడదన్నారు."

పాఠకులారా, నా కళ్ళు చెమర్చాయి. ఆమె అలిగిందని ఎవరన్నారు? నా మెషిన్ కోసం, నా రాళ్ళ కోసం, కింది మాస్టారి ఫోటోల కోసం, నోరు విప్పకుండా గదికే కవచం తొడిగిస్తోంది! వడ్రంగికి నా చేతులతో టీ పెట్టిచ్చాను. పనిలో పనిగా మెషిన్ కింద చిన్న అరుగులాంటిది కూడా కట్టమన్నాను.

వడ్రంగి టీ గ్లాసు కింద పెట్టాడు. "అది సరే గానీ సార్, ఈ గిన్నె ఎప్పుడు తీసేస్తారు? పేషెంట్లు వచ్చే నెల నుంచి వస్తారంట కదా."

"ఏ పేషెంట్లు?"

"చెవుల పేషెంట్లు. అమ్మగారు ఈ గదిలో సొంతంగా క్లినిక్కు పెడుతున్నారు కదా సార్! మీరు కూడా ఊఁ అన్నారంట."

గిన్నెలో రాళ్ళు గడగడలాడుతూనే ఉన్నాయి. అరుగు సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం ఆమె వచ్చే వేళకు, పొడి మార్చే పని లేకపోయినా మొదటిసారి నా అంతట నేనే స్విచ్ కట్టేశాను. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. ఆమె సంచీ బల్ల మీద పెట్టి కూర్చుంది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు.

"ఇరవై ఆరేళ్ళు వేరేవాళ్ళ గదిలో, వేరేవాళ్ళ మెషిన్ల మీద పరీక్షలు చేశాను. నాకంటూ ఒక గది కావాలనుకున్నాను. బయట ఎక్కడ చూసినా రోడ్డు మోతే. మనింట్లో ఆ ఒక్క గదే పనికొస్తుంది. మూడుసార్లు అడిగాను మిమ్మల్ని. మూడుసార్లూ ఊఁ అన్నారు. ఆ మాట నమ్మి ఆస్పత్రిలో రాజీనామా ఇచ్చేశాను, ఈ నెలాఖరుతో సరి."

"మెషిన్ మోతలో సరిగ్గా వినపడలేదే!" అన్నాను.

ఆమె వెనక గది వైపు చూసింది. "రాళ్ళు ఇంకెన్నాళ్ళు?" అని మాత్రం అడిగింది.

"నాలుగు రోజులు. ఆఖరి మెరుగు ఒక్కటే మిగిలింది. మధ్యలో ఆపేస్తే బురద గట్టిపడిపోతుంది."

"సరే. నాలుగు రోజులు," అంది.

ఆ నాలుగు రోజులూ మెషిన్ వణికింది, పక్కనే కూర్చుని నేనూ వణికాను. అయిదో రోజు రాళ్ళు బయటికి తీశాను. అద్దాల్లా ఉన్నాయి, కాదనను. వంకరవి మాత్రం వంకరగానే ఉన్నాయి. మెషిన్ ఇప్పుడు కింద స్కూటర్ల పక్కన చాప కప్పుకుని పడుకుంది. మాస్టారు పైకి రావడం మానేశారు. మెట్ల మీద ఎదురుపడితే తల పంకిస్తారు.

గది తయారైంది. ఫోమ్ గోడలు, రబ్బరు పట్టీల తలుపు, కొత్త బల్ల, దాని మీద చెవులు పరీక్షించే ఆమె సొంత మెషిన్. తన పేరున్న బోర్డును ఆమె తుడిచిందే మళ్ళీ మళ్ళీ తుడుస్తుంటే గుమ్మంలోంచి చూశాను. నాకు సిగ్గేసింది. అలా అని ఆమెతో అనలేదు గానీ, మీతో అంటున్నాను.

మొదటి పేషెంటు నేనే. "మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, కూర్చోండి," అంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. "వినపడితే చెయ్యెత్తండి."

కీచుమంది, ఎత్తాను. దూరంగా ఎక్కడో సన్నగా మోగింది, ఎత్తాను. ఉందా లేదా అన్నంత చిన్న చప్పుడు, దానికీ ఎత్తాను. రాళ్ళ దగ్గర సాధన చేసిన చెవులివి! గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఇది నా రాళ్ళ మెషిన్ ఇచ్చిన వరం కాదా అని ఆ క్షణంలోనే ఈ వ్యాసానికి మొదటి వాక్యం కూడా అనుకున్నాను.

అప్పుడు హెడ్‌ఫోన్లలో ఆమె గొంతే వినిపించింది. మెల్లగా, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు.

"ఈ గది కావాలని నేను మొదటిసారి అడిగినప్పుడు మీకు వినపడిందా? వినపడితే చెయ్యెత్తండి."

ఇంతసేపూ మీ దగ్గర కూడా ఒక విషయం దాచాను. ఆమె అడిగిన మూడుసార్లూ ఇంట్లో మెషిన్ లేదు. అప్పటికి నేనింకా వీడియోలే చూస్తున్నాను, అవి కూడా సౌండ్ తగ్గించుకుని. బావమరిది పడుకుని ఉన్నాడు. పైవాళ్ళు కూడా డ్రిల్లింగ్ ఆపారు. ఆమె చెప్పిన ప్రతి మాటా వినపడింది. తూము గురించి పుస్తకంలో రాసింది అర్థమైనట్టే, అదీ అర్థమైంది. ఒప్పుకుంటే గది పోతుంది, కాదంటే వాదన వస్తుంది. అందుకని ఊఁ అన్నాను. మూడోసారి ఊఁ అన్న మర్నాడే మెషిన్‌కు ఆర్డరు పెట్టాను.

గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా చొక్కా చెయ్యి రాసుకున్న చప్పుడు నాకే వినపడింది. చెయ్యెత్తాను.

ఆమె తల ఊపి, ముందున్న కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి నా వైపు జరిపింది. ఫిర్యాదుల కౌంటర్లో ముప్ఫై ఏళ్ళు రకరకాల తిట్లు తిన్నవాణ్ణి. అంత గట్టి తిట్టు ఎప్పుడూ తినలేదు. కాగితం మీద ఇలా ఉంది: "రెండు చెవులూ బాగున్నాయి. ఏ లోపమూ లేదు."