యంత్రం మెచ్చిన నర్సు

క్వార్టర్ల కేటాయింపులో ఇకపై మనుషుల జోక్యం ఉండబోదని జంషెడ్‌పూర్‌లోని సువర్ణరేఖ గొలుసుల కార్ఖానా యాజమాన్యం 1965లో సగర్వంగా ప్రకటించింది. కార్డులు మింగే కొత్త యంత్రం వచ్చింది. దానికి షరతులు చెప్పడం సులువు. రెండింటి మధ్య ‘మరియు’ పెడితే రెండూ నెరవేరాలి; ‘లేదా’ పెడితే ఒకటి చాలు. అధికారులు ఈ విద్యను ఒక్క పూటలో వంటబట్టించుకున్నారు. తమ బావమరుదుల కోసం ‘లేదా’లు, తోటి అధికారుల బావమరుదుల కోసం ‘మరియు’లు చేర్చారు.

టైమాఫీసు గుమాస్తా కృపారావు ఈ ప్రగతిని మెచ్చుకుంటూ ఉండగానే క్వార్టరు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. కార్ఖానా ఆసుపత్రిలో నర్సుగా చేసిన అతని భార్య జయమణి నిరుడు పోయింది. కుటుంబమంటే భర్త ‘మరియు’ భార్య; అతని కార్డులో ఇప్పుడు భార్య లేదు. మంచం పట్టిన అత్తగారు అంతోనమ్మ ఏ షరతులోనూ లేదు. ఆమెను ఎక్కడికి తీసుకెళ్లాలో అతనికి తోచలేదు. నోటీసు తెచ్చిన ప్యూను మాత్రం ముసలావిడ నిద్ర చెడకుండా గొంతు తగ్గించి మాట్లాడాడు. కృపారావు అందుకే సంతోషించాడు.

మర్నాడు యంత్రం అర్హుల పేర్లు అచ్చువేసింది. బావమరుదులందరూ ఒకరి ‘మరియు’కు ఒకరు బలైపోయారు. మిగిలింది ఒక్క జయమణి. పోయినవారి కార్డు తీసేయాలన్న షరతు ఎవరూ పెట్టలేదు.

యంత్రాధికారి సోమేశ్వరరావు కృపారావును పిలిపించాడు. “యంత్రం పొరబడదండీ. భర్త ఉండాలి, ఉన్నారు. సెలవు అడగకూడదు, అడగలేదు. ఫిర్యాదు చేయకూడదు, చేయలేదు. క్వార్టరు మీ శ్రీమతిగారిదే. ఆవిడకు అభ్యంతరం లేకపోతే మీరూ, అత్తగారూ ఉండవచ్చు.”

“ఉండదు లెండి,” అన్నాడు కృపారావు. పెళ్లికి ముందు జయమణి క్వార్టరు అడిగినప్పుడు, ఆడవాళ్లకు క్వార్టరేమిటని ఇదే గదిలో నవ్వారు.

గుమ్మంలో ఆసుపత్రి ఆయా సింహాచలమ్మ కాచుకుని ఉంది. “ఏటి బాబూ, నాకూ మొగుడున్నాడు గదా! నాకేల రాలేదు?”

సోమేశ్వరరావు ఆమె కార్డు తెప్పించి చూశాడు. “కాన్పుకు సెలవు అడిగావు. వార్డులో నీళ్లు రావడం లేదని ఫిర్యాదు చేశావు.”

“అయితే సత్తేగాని క్వాటరివ్వరేటి?”

“తొందరేమీ లేదమ్మా,” అన్నాడాయన దయగా.

కార్ఖానా వార్షికోత్సవ సభలో ఆ ఏటి ఉత్తమ ఉద్యోగిని బహుమతి కూడా జయమణికే ప్రకటించారు. చప్పట్లు కొట్టనిది కృపారావు, సింహాచలమ్మ మాత్రమే. తక్కిన భర్తలందరూ పక్కనున్న భార్యల వైపు తిరిగి, ఆవిడను చూసి నేర్చుకోమన్నారు.